తీగలు సర్దిన రూతమ్మ

నంద్యాల టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో చేరిన మొదటి రోజే రూతు చీపురు పట్టుకున్నందుకు తిట్లు తింది.

అది 1976 జూన్ నెల. ఆమె భర్త మత్తయి టెలిఫోను లైన్‌మన్‌గా పనిచేసేవాడు. ఆళ్లగడ్డ దగ్గర గాలివానకు ఒరిగిన స్తంభం ఎక్కి, పట్టు తప్పి పడి, మూడు వారాలు మంచంలో ఉండి కన్నుమూశాడు. డిపార్టుమెంటు వాళ్లు భార్యకు ఉద్యోగం ఇస్తామన్నారు. మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివిన ముప్ఫై ఏళ్ల మనిషికి వాళ్లు ఇవ్వగలిగింది ఊడ్చే పనే. అత్త ఆదెమ్మ ఆళ్లగడ్డలో ఇల్లు విడిచి రానంది. రూతు నంద్యాలలో చర్చి వెనక సందులో ఒక గది చూసుకుంది. శనివారం పని అయిపోగానే ఆళ్లగడ్డ బస్సెక్కేది. ఆదివారం ఆరాధనకు అత్తతో కలిసి వెళ్లి, సోమవారం మొదటి బస్సుకు తిరిగొచ్చేది.

ఆ మొదటి రోజు ఆమె కొత్త చీపురు తీసుకుని యంత్రాల గదిలో ఒక మూల నుంచి మొదలుపెట్టింది. సగం గది కూడా కాకముందే మెకానిక్ చెన్నకేశవులు ఇనుప చట్రాల వెనక నుంచి పరుగున వచ్చాడు. ఆయన సంజామల మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తూ ఉంటాడు.

"ఏమ్మా, చీపురు ఈడికి ఎవరు తెమ్మన్యారు?"

"ఊడ్చమన్యారు. ఊడుస్తాండా."

"ఊడిస్తే దుమ్ము యాడికి పోతాది?"

రూతు తలెత్తి చూసింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆ వెలుతురులో దుమ్ము పైకి లేచి, మెల్లగా తిరిగి, వరసగా నిలబెట్టిన యంత్రాల వైపు జరుగుతోంది.

"ఆ పెట్టెల్లోకి పోతాంది," అంది.

"పోయినాక ఏమయితాది?"

"నాకేం ఎరుక? నువ్వే చెప్పల్ల."

చెన్నకేశవులుకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆయన్ను ఆ మాట అడిగిన వాళ్లు లేరు. ఒక యంత్రం మీది మూత తీసి చూపించాడు. ఊళ్లో ఎవరో నంబరు తిప్పినప్పుడల్లా లోపల చిన్న ఇత్తడి వేళ్లు టకటకమంటూ పైకెక్కి, పక్కకు తిరిగి, ఒక చోట ఆగుతున్నాయి. ఆ వేలికీ అది తాకే చోటుకూ నడుమ దుమ్ము చేరితే పిలుపు దారి తప్పుతుందని చెప్పాడు.

"డాక్టరుకు చేసినోనికి దూదిమిల్లు పలుకుతాది. వాడు మనల్ని తిడతాడు," అన్నాడు.

ఆ రోజు నుంచి రూతు చీపురు వరండాకే పరిమితమైంది. యంత్రాల గదికి తడిగుడ్డ. ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారు. రూతుకు మాత్రం ఆ దుమ్ము మనసులో నిలిచిపోయింది. కిటికీలు మూసినా ఎక్కడి నుంచి వస్తోంది? ఒక చట్రం కింద మందంగా ఉండి, పక్క చట్రం కింద పల్చగా ఎందుకుంటోంది? రోజూ గుడ్డ తిరగేసి మరక చూసేది. తలుపు పక్కన, ఫ్యాను కింద దుమ్ము తక్కువ. గాలి మళ్లని మూలల్లో, తీగల కట్టలు అడ్డం పడిన చోట ఎక్కువ. గాలి నడిచినంతసేపు దుమ్ము నడుస్తుంది, గాలి ఆగితే కూర్చుంటుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆర్నెల్లు గుడ్డ పిండుతూ తనే తెలుసుకుంది.

దుమ్ము తర్వాత తీగలు. చట్రాల వెనక మనిషి చెయ్యంత లావు కట్టలు కిందికి దిగేవి. ఒక్కో కట్టలో రెండు మూడు వందల తీగలు. ప్రతి తీగా తన వంతు వచ్చిన చోట కట్ట నుంచి విడివడి, కొద్దిగా వంగి, తన మేకుకు చేరేది. కట్ట పొడవునా అంగుళానికొక మైనపు దారపు ముడి.

"ఇన్ని తీగలుండాయి కదన్నా, ఏది ఎవరి ఇంటికి పోతాదో నీకెట్ల తెలుస్తాది?" అని అడిగింది మూడో ఏట ఒక మధ్యాహ్నం.

"రంగుల్ని బట్టి. నీలం, నారింజ, పచ్చ, మట్టి, పలక. ఈ ఐదూ తెల్లదాంతో జంట కడతాయి. అయిపోయినాక ఎర్రదాంతో. ఆ తర్వాత నలుపు, పసుపు, ఊదా. ఐదైదులు ఇరవై ఐదు జంటలు. మళ్లీ మొదటికి."

నెల తిరిగేసరికి రూతు గుడ్డ పెడుతూ ఆ ఇరవై ఐదు జంటలూ వరస తప్పకుండా చెప్పుకుంటోంది. చెన్నకేశవులు చట్రం అవతల నుంచి విని, నడుమ నుంచి అడిగి చూశాడు.

"పదిహేడో జంట?"

"పసుపుతో నారింజ."

ఆయన మర్నాడు ఒక చెక్కపలక మీద మేకులు కొట్టి తెచ్చాడు. ఎక్స్‌ఛేంజికి కొత్తగా వంద నంబర్లు కలుపుతున్నారు. ఆ మేకుల చుట్టూ తీగలు పరిచి, ముందే కట్ట కట్టి, తయారైన కట్టను తీసుకుపోయి చట్రానికి తగిలించాలి. ఆయన దారం పట్టుకుని ముడి వేసి చూపించాడు. దారాన్ని కట్ట చుట్టూ తిప్పి, తన కిందనుంచే తీసి, బిగించి లాగాలి.

"ఒక ముడి తెగితే తక్కినవి గూడా ఊడిపోవా?" అంది రూతు.

చెన్నకేశవులు జేబులోంచి చిన్న కత్తి తీసి, తాను వేసిన ముళ్లలో నడిమిది కోసేశాడు. పక్క ముళ్లు కదల్లేదు. ఆమె వేలితో లాగి చూసింది. ఇంకోటి తానే కోసి చూసింది. అప్పుడు నమ్మింది.

"తీగ సరిగ్గా ఆ మేకు కాడనే బయటికి రావాలని ఎందుకు? కొంచెం ముందు తీస్తే ఏమయితాది?"

"ఏం గాదు. పలుకుతాది. కానీ ఇరవై ఏండ్లకు ఇంకొకడు వచ్చి ఈ తీగ కోసం వెతుకుతాడు. వాడు వెతుక్కోకుండా దొరకల్ల. పని అంటే అదే."

అలా 1979లో మొదలైంది. ఊడ్చే పని పదకొండు గంటలకల్లా అయిపోయేది. తక్కిన పొద్దంతా ఆమె పలక ముందు కూర్చునేది. నాలుగేళ్లకు చెన్నకేశవులు దగ్గరి చూపు మందగించింది. మట్టి రంగుకూ నారింజకూ తేడా తెలియక ఒకసారి రెండిళ్ల నంబర్లు తారుమారు చేశాడు. అప్పటి నుంచి ఎక్స్‌ఛేంజిలో కట్టలన్నీ రూతే కట్టింది. అందరూ రూతమ్మ అనడం మొదలుపెట్టారు. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన చట్రం వెనక నిలబడి, "పని శుభ్రంగా ఉంది, ఎవరు చేశారు?" అని అడిగితే, అక్కడున్న సూపర్‌వైజరు "మా స్టాఫే సార్" అన్నాడు. రూతమ్మ తలుపు దగ్గర బకెట్టుతో నిలబడి విన్నది. మర్నాడు ఆఫీసరు చూసిన కట్ట దగ్గరికి వెళ్లి, ఒక ముడి వదులైనట్టు అనుమానమొచ్చి, విప్పి మళ్లీ వేసింది.

1987 మే నెలలో ఆళ్లగడ్డ నుంచి ఒక ఇంజనీరు ఎక్స్‌ఛేంజికి వచ్చాడు. పేరు ఆదినారాయణ. దొర్నిపాడు రైతుబిడ్డ, అనంతపురంలో చదివి, హైదరాబాదులో కంప్యూటర్ల పని నేర్చినవాడు. ఆళ్లగడ్డలో ఒక పాత వేరుశెనగ గోడౌనును బాగుచేయించి, అక్కడ కాలవ నీళ్ల లెక్కల కోసం ఆఫీసు పెట్టారు. కాలవకు ఎన్ని తూములు, ఏ తూము ఎంతసేపు తెరిస్తే నీళ్లు ఎంత దూరం పోతాయి, పై ఊరి వాళ్లు ఎక్కువ తీసుకుంటే కింది ఊరికి ఏం మిగులుతుంది, ఇవీ ఆ లెక్కలు. మనుషులు చేస్తే నెలలు పట్టే లెక్క. దానికోసం హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ప్రయోగంగా ఒక యంత్రం చేసి ఇచ్చింది.

"పొద్దున ఏడు గంటలకు మొదలుపెడతాం అన్నా. తొమ్మిది గంటలు పట్టే లెక్క. పన్నెండు, పన్నెండున్నరకు నిలిచిపోతాది. మళ్లీ మొదటి నుంచి చేయాల. ఇరవై దినాల నుంచి ఇదే కథ," అన్నాడు ఆదినారాయణ చెన్నకేశవులుతో. "రెండు ఏసీలు పెట్టినాం. మూడోది గూడా పెట్టినాం. కార్డులు మార్చినాం. ఎర్తింగు బాగలేదేమోనని అనుమానం. మీ ఎక్స్‌ఛేంజి ఎర్తింగు బాగుంటాదని చెప్పినారు. వచ్చి ఒకసారి చూడల్ల."

చెన్నకేశవులు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఎర్తింగు నేను చూస్తా. తీగలు చూడాలంటే రూతమ్మ రావల్ల. నాకు కండ్లు ఆనడంల్యా."

శనివారం ముగ్గురూ ఒకే బస్సులో ఆళ్లగడ్డ చేరారు. సిరివెళ్ల దాటేదాకా రూతమ్మ అడుగుతూనే ఉంది. లెక్కలు చేసే యంత్రానికి తీగలెందుకు? దాంట్లో ఎవరు ఎవరితో మాట్లాడతారు? ఆదినారాయణ మొదట మొహమాటంగా, తర్వాత హుషారుగా చెప్పాడు. ఆ యంత్రంలో ఎనిమిది లెక్కల పెట్టెలున్నాయి. ఒకే లెక్కను ఎనిమిది ముక్కలు చేసి పంచుకుంటాయి. ఒకటి తన ముక్క చేసి జవాబు పక్కదానికి చెబితేనే అది ముందుకు పోతుంది. ఆ చెప్పుకోవడానికే తీగలు.

"ఒకటి నిలిచిపోతే?"

"తక్కినవి దానికోసం కాచుకుంటాయి. కాచుకుని కాచుకుని అన్నీ నిలిచిపోతాయి."

"యాది ముందు నిలుస్తాది?"

ఆదినారాయణ ఆలోచించాడు. "ఎక్కువసార్లు ఐదోది," అన్నాడు. ఆ సంగతి రాసిపెట్టుకున్నాడు గానీ, దాని గురించి అంతవరకు గట్టిగా ఆలోచించలేదు.

గోడౌనులో మనిషెత్తు ఇనుప అల్మారా ఉంది. ముందు తలుపు తీస్తే అంతా అందంగా ఉంది. అరల్లో పుస్తకాలు నిలబెట్టినట్టు పచ్చటి కార్డులు, చిన్న ఎర్ర దీపాలు. వెనక తలుపు తీసేసరికి చెన్నకేశవులు ఒక అడుగు వెనక్కి వేశాడు. చాపను చీల్చినట్టుండే వెడల్పాటి పట్టీ కేబుళ్లు, లావుపాటి కరెంటు తీగలు, సన్నతీగలు అన్నీ కలగలిసి వేలాడుతున్నాయి. కంపెనీ వాళ్లు పంపిన కేబుళ్లు కావలసిన దానికంటే పొడుగు. బిగించిన వాళ్లు మిగిలిన పొడవును మడిచి, చుట్టి, దొరికిన సందులో కుక్కారు.

"దీన్నంతా పీకేద్దాం అక్కా?" అన్నాడు ఆదినారాయణ.

"ఏదీ ముట్టుకోవద్దప్పా. ముందు చూడనీ."

ఆమె నేల మీద కూర్చుని అరగంట చూసింది. చెన్నకేశవులు ఎర్తింగు పరీక్ష ముగించి, అంతా బాగానే ఉందని వచ్చి చెప్పినా ఆమె అక్కడే ఉంది. కింది అరల్లో ఇనుము మెరుస్తోంది. నాలుగో అర నుంచి మాత్రం కార్డుల అంచుల మీద దుమ్ము బూడిదలా మెత్తగా పేరుకుని ఉంది. అరల అడుగున ఒక ఫ్యాను, నెత్తిన ఒక ఫ్యాను. కింది నుంచి చల్లగాలి తోస్తే పైనుంచి వేడిగాలి పోవాలి.

"ఇది నడుస్తా ఉన్నప్పుడు చూడల్ల," అంది.

యంత్రం నడిపించారు. రూతమ్మ చీర కొంగు నుంచి ఒక పోగు పీకి, పెన్సిలు కొసకు కట్టి, మొదటి అర వెనక పట్టుకుంది. పోగు పైకి లేచి ఆడింది. రెండో అర దగ్గర ఆడింది. మూడో దగ్గర కొంచెం కదిలింది. నాలుగో అర దగ్గర కిందికి వేలాడి అలాగే ఉండిపోయింది.

"ఐదో పెట్టె యాడుంది సారూ?"

"నాలుగో అరలో," అన్నాడు ఆదినారాయణ. అంటూనే ముందుకు వంగి చూశాడు. మూడో అరకూ నాలుగో అరకూ నడుమ, గాలి పైకి వెళ్లవలసిన సందులోనే, చుట్టిన కేబుళ్లన్నీ కుక్కి ఉన్నాయి. గదిలో ఎన్ని ఏసీలు పెట్టినా ఆ చల్లదనం ఆ చుట్టల కిందనే ఆగిపోతోంది.

పని ఆ తర్వాతి వారం సోమవారం మొదలైంది. ఆదినారాయణ డిపార్టుమెంటుకు ఉత్తరం రాసి రూతమ్మను వారం రోజులకు అడిగి తెచ్చుకున్నాడు. ఆమె మొదట ఒక్క తీగ కూడా ఊడదీయలేదు. దెబ్బలకు వేసే అంటుపట్టీ ముక్కలు కోసి, ప్రతి కేబులుకూ రెండు కొసలా ఒకే అంకె రాసి అతికించింది. నూట పద్దెనిమిది కేబుళ్లకు ఒక రోజంతా పట్టింది. తర్వాత విప్పింది. కరెంటు తీగలన్నీ ఎడమ అంచుకు, మాట్లాడుకునే తీగలన్నీ కుడి అంచుకు దించింది. కరెంటు తీగ పక్కనే పెడితే రెండోదాంట్లో గరగర వస్తుందని ఆమెకు టెలిఫోన్లలో తెలుసు. మిగులు పొడవును అల్మారా అడుగున, ఫ్యానుకు అడ్డం రాని ఖాళీలో పరిచింది. మైనపు దారంతో అంగుళానికొక ముడి వేసుకుంటూ పైదాకా కట్టింది. బుధవారం మధ్యాహ్నానికి అల్మారా వెనక భాగం నంద్యాల ఎక్స్‌ఛేంజిలా ఉంది. చెన్నకేశవులు చూడటానికని వచ్చి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క, చాయ్ తాగొస్తానని వెళ్లాడు.

ఆదినారాయణ పరీక్ష కోసం ముందు నుంచి ఒక కార్డు బయటికి లాగాడు. కార్డు సగం వచ్చి ఆగింది. ఇంకొంచెం గట్టిగా లాగాడు. వెనక ఎక్కడో టక్కుమంది. పట్టీ కేబులు కొసనున్న పలకలోంచి నాలుగు తీగలు ఊడొచ్చాయి.

రూతమ్మ ఊడిన తీగల కొసలు వేళ్లతో పట్టి చూసింది.

"తప్పు నాదే సారూ," అంది రూతమ్మ. "మా ఆడ కట్ట కడితే ఇరవై ఏండ్లు కదలదు. ఈడ కార్డు బయటికి వస్తాది, పోతాది. అది నాకు తోచల్యా."

ఆదినారాయణకు ముందు పై ఆఫీసే గుర్తొచ్చింది. పై అధికారులకు ఏమని రాయాలి? కానీ ఆమె మొహంలో భయం కంటే ఆరా ఎక్కువ కనిపించింది. ఏ కార్డు ఎంత దూరం బయటికి లాగాల్సి వస్తుందో ఒక్కొక్కటే అడుగుతోంది. పుల్లతో కొలిచి, గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తోంది.

వేసిన ముళ్లన్నీ కోసేసింది. గురు, శుక్రవారాలు మళ్లీ కట్టింది. ఈసారి ప్రతి కార్డు దగ్గర జానెడు తీగ వదులు వదిలింది. ఆ వదులు కిందికి జారి గాలికి అడ్డం పడకుండా పక్కకు మళ్లించింది. పట్టీ కేబుళ్లను దారంతో బిగిస్తే అంచులు నలుగుతున్నాయని గమనించి, వాటికి గుడ్డపట్టీ వెడల్పుగా వేసి వదులుగా కట్టింది. మలుపుల దగ్గర మడత పడకుండా గుండ్రంగా తిప్పింది. చూడటానికి మొదటిదంత అందంగా లేదు. ఆదినారాయణ ఎనిమిది పెట్టెల కార్డులూ ఒక్కొక్కటే లాగి, పెట్టి చూశాడు. ఊడిన తీగలు తానే అతికించాడు.

శనివారం చెన్నకేశవులు కూడా వచ్చాక ఏడు గంటలకు లెక్క మొదలుపెట్టారు. పన్నెండున్నర దాటింది. ఒంటిగంట దాటింది. రూతమ్మ పోగు కట్టిన పెన్సిలుతో మాటిమాటికీ వెనక్కి వెళ్లి చూస్తోంది. నాలుగో అర దగ్గర పోగు ఆడుతోంది. మూడు గంటలకు ఆదినారాయణ మొహం విచ్చుకుంది. మూడుంపావుకు ఆళ్లగడ్డ మొత్తానికీ కరెంటు పోయింది.

చెన్నకేశవులు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు.

ఆదివారం రూతమ్మ ఆరాధనకు వెళ్లింది. సోమవారం నంద్యాల బస్సు ఎక్కకుండా గోడౌనుకు వచ్చింది. ఆ రోజు కరెంటు పోలేదు. లెక్క మొదలుపెట్టిన తొమ్మిది గంటలా ఇరవై నిమిషాలకు ప్రింటరు గరగరమంటూ కాయితం బయటికి తోసింది. బారలు బారలు అంకెలు.

"దీంట్లో ఏముంది సారూ?"

ఆదినారాయణ వేలుపెట్టి చూపించాడు. ఇది తూము నంబరు, ఇది తెరిచే రోజు, ఇది నీళ్లు చేరే దూరం.

"దొర్నిపాడుకు చేరతాయా?"

"ఈ లెక్క ప్రకారం పదకొండో దినానికి చేరతాయి. పై వాళ్లు వంతు మీరకుంటే."

"వాళ్లు మీరతారో మీరరో దీనికెట్ల తెలుస్తాది?"

"తెలియదక్కా. మీరితే ఇంత, మీరకుంటే ఇంత అని రెండూ చెప్తాది."

ఆమె ఆ కాయితం చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం ఇంట్లో ఆదెమ్మ, "వారం దినాలు ఏం జేసినావే ఆ గోడౌన్లో?" అని అడిగితే, తీగలు సర్దానని చెప్పింది. "వారం దినాలా?" అంది ఆదెమ్మ. జొన్నరొట్టె తిరగేస్తూ రూతమ్మ అల్మారా సంగతి మొదలుపెట్టింది. అత్తకు గాలీ పోగూ అర్థమయ్యాయి. ఎనిమిది పెట్టెలు ఒక లెక్క పంచుకోవడం దగ్గర మాత్రం, "మనింట్లో ఇద్దరు పంచుకుంటేనే కుదరదు," అని కొట్టిపారేసింది.

రెండు నెలలకు హైదరాబాదు కంపెనీ వాళ్లు వచ్చి అల్మారా వెనక భాగాన్ని ఫోటోలు తీసుకున్నారు, కొలతలు రాసుకున్నారు. తర్వాత వచ్చిన అల్మారాలకు రెండు పక్కలా తీగలు దించుకునే కాలువల్లాంటి దారులు వచ్చాయని ఆదినారాయణ ఉత్తరం రాశాడు. ఆ ఫోటోల కింద ఎవరి పేరూ ఉండదని ఆమెకు తెలుసు. అయితే ఆ ఉత్తరంలోనే ఆయన ఇంకో మాట రాశాడు. డిపార్టుమెంటులో ఊడ్చేవాళ్లు టెక్నీషియను పనికి మారాలంటే ఒక పరీక్ష ఉంది, దానికి ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, కనుక్కోండి, అని.

నలభై ఒకటో ఏట రూతమ్మ ఎనిమిదో తరగతికి ప్రైవేటుగా కట్టింది. చర్చి పక్క బడిలో పాఠాలు చెప్పే నతానియేలు మాస్టారు సాయంత్రం గంటసేపు చెప్పేవాడు. లెక్కలు ఏడిపించాయి. ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది. సామాన్యశాస్త్రం దగ్గర మాత్రం మాస్టారే ఇబ్బందిపడ్డాడు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుందన్న పాఠం చెబుతుంటే ఆమె చెయ్యెత్తింది.

"అట్లయితే మాస్టారూ, పైన ఫ్యాను లేకున్నా గాలి దానంతటదే పోవల్ల కదా. మరి ఫ్యాను పెట్టేది ఎందుకు?"

నతానియేలు మాస్టారు పుస్తకం మూసి, రేపు చెబుతానన్నాడు. మర్నాడు గాజు చిమ్నీ, కొవ్వొత్తి తెచ్చాడు. ఇద్దరూ బల్ల మీద పెట్టి, పోగులు కట్టి, గాలి తానంతట తాను ఎంత వేగంగా పైకి పోతుందో, పైన సగం మూస్తే ఏమవుతుందో చూశారు. ఆ వారం సిలబస్ ముందుకు సాగలేదు.

1989 చివర్లో ఆమె ఎనిమిదో తరగతి పాసైంది. అప్పటికి చెన్నకేశవులు రిటైరై సంజామల వెళ్లిపోయాడు. ఆయనకు కార్డు రాసింది. జవాబుగా మూడు వాక్యాలు వచ్చాయి. సంతోషం అన్నాడు. కండ్లు ఇంకా తగ్గాయన్నాడు. కొత్తగా వచ్చే ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజిలో తీగలు దారంతో కట్టరంట, ప్లాస్టిక్ పట్టీలంట, అవి ఎట్లుంటాయో చూసి రాయి, అన్నాడు.

రూతమ్మ స్టోరులో ఒక పట్టీ అడిగి తీసుకుంది. వేలి చుట్టూ బిగించి చూసింది. ఒకసారి బిగిస్తే వెనక్కి రావడం లేదు. కత్తిరించి తీస్తే తప్ప విడిచేలా లేదు. పట్టీ తలలోని చిన్న పన్ను ఎటు వాలి ఉందో కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసి, సూదిమొనతో ఆ పన్నును ఎత్తి పట్టుకుని లాగింది. పట్టీ తెగకుండా వెనక్కి వచ్చింది. అది ఎలా చేయాలో కార్డు మీద చిన్న బొమ్మ గీసి, బొమ్మ పెద్దగా ఉంటేనే ఆయనకు ఆనుతుందని గుర్తొచ్చి, ఇంకో కార్డు తీసుకుని మళ్లీ గీయడం మొదలుపెట్టింది.